బేరిగై కోడలి కాగితాలు

హోసూరు కోర్టుకు ఎదురు వీధిలో, ఒక బేకరీ మేడమీద, వకీలమ్మ దగ్గర నేను గుమాస్తాగా పనిచేశాను. అంతకు ముందు ఇద్దరు మగ వకీళ్ల దగ్గర చేశాను. అంతా కలిపితే ముప్పై ఏళ్లు. రిటైరైన గుమాస్తాకు పెన్షను ఉండదు, గొప్పలు చెప్పుకునే తీరిక మాత్రం దొరుకుతుంది. ప్రతి గుమాస్తా తన వకీలు గెలిచిన కేసులన్నీ తానే గెలిపించానని నమ్ముతాడు. నేనూ అంతే. ఆ కథలు మా ఇంట్లో అందరూ విని విసిగిపోయారు కాబట్టి, ఈ పనిలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం నేను చెడగొట్టబోయిన కేసు ఒకటి చెబుతాను.

మా మేడం నాకన్నా పదేళ్లు చిన్న. హోసూరు బజారులో బట్టల దుకాణం వాళ్ల కూతురు. నన్ను ఎప్పుడూ ‘అన్నా’ అనే పిలిచేవారు. ‘గుమాస్తాగారూ’ అన్నారంటే మాత్రం నేను ఏదో చేశానని అర్థం.

ఒకరోజు పొద్దున్నే ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. చేతులనిండా ముళ్లు గీసుకున్న గాట్లు. గులాబీ తోటలో పని అని చూడగానే తెలిసిపోయింది.

“అమ్మా, నాకు డైవర్సు కావల్ల. ఎన్ని దినాల్లో ఇస్తారు?” అని రేషన్ షాపులో చక్కెర అడిగినట్టు అడిగింది.

“ముందు కూర్చోమ్మా. నీళ్లు తాగు,” అన్నారు మేడం.

పుట్టిల్లు ఊత్తంగరై పక్కన కల్లావి. అత్తగారిల్లు బేరిగై. ఆరేళ్ల కూతురు ఉంది. మొగుడు టెంపో తోలుతాడు. బేరిగై నుంచి పూలూ టమోటాలూ హోసూరు మార్కెట్టుకు వేస్తాడు. రెండేళ్లుగా రాయకోట్టలో ఇంకో ఆమెతో కాపురం పెట్టి, ఆదివారం ఆదివారం మాసిన బట్టల మూటతో ఇంటికి వస్తున్నాడట.

“ఉతికేదానికి నేను, కట్టుకొని తిరిగేదానికి ఆడుండే ఆయమ్మ,” అంది ఆ అమ్మాయి. అని తనే నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది కానీ మేడం ముఖం చూసి మింగేశాను.

ఆ అమ్మాయి పెళ్లికి ముందు కృష్ణగిరిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఒక్కరోజు కూడా ఆ పని చేయలేదు. ఇప్పుడు హోసూరులో ఒక ఆసుపత్రివాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే చేరే రోజున సర్టిఫికెట్లు అసలువి చూపించాలి. అవి మొగుడింటి బీరువాలో ఉన్నాయి.

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. “అర్జీ రాసేది నాకు ఒక పూట పని. నువ్వు సర్దుకొనేదే పెద్ద పని. నీ కాయితాలు, పాప కాయితాలు ముందు నీ చేతికి రావల్ల. ఆడినుంచి బయటికొస్తే ఎవురింట్లో పడుకుంటావో తెలియల్ల. చేతిలో పని ఉండల్ల. ఆమీదనే నోటీసు. అంతవరకూ ఆ ఇంట్లో ఎవురికీ వాసన కూడా తగలకూడదు.”

“సరేమ్మా,” అంది. “ఏమేం కావల్నో రాసియ్యండి.”

లిస్టులు రాయడం నా విద్య. రెండు రోజుల్లో పంపిస్తానని చెప్పి ఫోన్ నంబరు అడిగాను. రెండు నంబర్లు ఇచ్చింది. “పైనుండేది ఇంటి ఫోను అన్నా. అది ఆయన దగ్గిరే ఉంటుంది. దానికి చెయ్యొద్దు. కిందుండేదే నాది.” నేను బుద్ధిగా పై నంబరు పక్కన ఒక చుక్క పెట్టాను. చుక్క అంటే ‘వద్దు’ అని నా ఉద్దేశం.

రెండు రోజుల తర్వాత, చుక్క అంటే ‘ఇదే’ అనుకున్నాను.

ఆ లిస్టు ఎంత ముచ్చటగా రాశానో చెప్పకుండా ఉండలేను. తెల్ల కాగితం, మార్జిను. తలకట్టు ఎర్ర సిరాతో ‘విడాకుల కేసుకు కావలసినవి’, కింద రెండు గీతలు. ఐదు అంశాలు. పెళ్లి పత్రిక, ఫోటోలు. ఆధార్, రేషన్ కార్డులు. పాప పుట్టిన సర్టిఫికెట్. చదువు సర్టిఫికెట్లు, పక్కన ‘అసలువి’ అని మళ్లీ ఎర్ర సిరా. బ్యాంకు పాస్ పుస్తకం. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించాను. అప్పుడప్పుడే నేర్చుకున్న విద్య. వెంటనే రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఎంత చురుకైన కక్షిదారు అని సంతోషపడ్డాను.

జవాబు వచ్చింది: ‘ఎవురు నువ్వు?’

పాపం, నా నంబరు దాచుకోలేదేమో అనుకున్నాను. ‘వకీలు గుమాస్తానమ్మా. అసలు కాయితాలు మరిచిపోవద్దు’ అని రాశాను.

ఫోను మోగింది. మగ గొంతు. “ఏమప్పా, నా పెండ్లానికి డైవర్సా? నా బీరువాలోటివి నీకు కావల్నా?”

కట్ చేశాను. నా కాగితం తీసి చూశాను. చుక్క అక్కడే ఉంది, నిక్షేపంగా. మేడం కోర్టులో ఉన్నారు. కింది నంబరుకు పదిసార్లు చేశాను. ఆ అమ్మాయి తోటలో పూలు కోస్తూ ఉంది, ఫోను ఎత్తలేదు. ఆమె ఇంటికి చేరేసరికి మొగుడు బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, గడపలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి చేసుకోలేదు. “నీ అన్న ఇంటికి పో” అన్నాడంతే. కట్టుబట్టలతో పాపను తీసుకుని బస్సెక్కింది.

కృష్ణగిరి బస్టాండు నుంచి నాకు ఫోను చేసింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను.

“అన్నా, నువ్వు చుక్క పెట్టేది నేను చూసినాను గదా. ఎట్ల మరిచిపోతివి?”

తిట్టి ఉంటే బాగుండేది.

మేడం తిరిగి వచ్చేలోపల ఒక అబద్ధం సిద్ధం చేసుకోవడానికి నాకు గంటన్నర దొరికింది. ఫోను మీద తోసేయవచ్చు. చుక్కను చెరిపేయవచ్చు. చివరకు జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడం కోటు తీసి కుర్చీకి తగిలించారు.

“గుమాస్తాగారూ, లిస్టులో మొదటిది వదిలేసినారు.”

“ఏది మేడం?”

“ఏ ఫోను ఎవురిది అనేది.”

ఆ తర్వాత ఆమె దాన్ని మళ్లీ ఎత్తలేదు. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి: మన చేతిలో కలం జారితే వకీలుకు వాయిదా పడుతుంది, కక్షిదారుకు ఇల్లు పోతుంది.

ఆదివారం కల్లావి పోయాను. కృష్ణగిరిలో దిగి, ఊత్తంగరైలో దిగి, మూడో బస్సు పట్టుకుని, కింద బేకరీలో కొన్న మైసూరుపాకు పొట్లం పట్టుకుని. ఆ అమ్మాయి అన్న నన్ను చూసి ఎద్దులకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. ఎద్దులు అంత నీళ్లు తాగవు. ఆ అమ్మాయి కాఫీ ఇచ్చింది. పాప మైసూరుపాకు ముక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ‘తాతకు ఒకటి’ అని నాకే ఇచ్చింది. క్షమించమని అడగడానికి వచ్చినవాడు ఆ ముక్కను ఎలా నమలాలో నాకు తెలియలేదు.

మరునాడు ఆమె చదివిన బడికి ఇద్దరమూ పోయాము. మార్కుల పట్టికకు నకలు కావాలంటే అసలుది పోయిందని పోలీసు స్టేషనులో రాసిచ్చి, వాళ్లు వెతికి దొరకలేదని సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ తర్వాత ఇంకో నాలుగు మెట్లు అని హెడ్‌మాస్టరు చెప్పాడు. నెలలు పడుతుంది. ఆసుపత్రివాళ్లు వచ్చే సోమవారం దాకా మాత్రమే ఆగుతామన్నారు.

ముప్పై ఏళ్ల అనుభవం ఊరకే పోతుందా! టీ అంగడి ముందర నిలబడి మేడంకు ఫోను చేసి, “బస్సులో సంచి పోయిందని రాసిస్తే కనీసం పని మొదలవుతుంది మేడం,” అన్నాను.

“కాయితాలు యాడుండాయో మనకి తెలుసు గదా అన్నా. తెలిసీ పోయినాయని పోలీసుకి రాసిస్తే, రేపు కోర్టులో ఆయమ్మ చెప్పే నిజాన్ని ఎవురు నమ్ముతారు?”

పక్కనే ఉన్న ఆ అమ్మాయికి వినబడింది. “వద్దులే అన్నా,” అంది. ఇద్దరమూ టీ తాగాము.

కాగితాలు తిరిగి ఇమ్మని ఆ అమ్మాయి మొగుడికి మేడం ఆ రోజే మనిషి చేత నోటీసు పంపారు. ఆమె కాగితాలేవీ తన ఇంట్లో లేవని జవాబు వచ్చింది. బుధవారం సాయంత్రానికి మా చేతిలో ఏ దారీ మిగల్లేదు.

గురువారం పొద్దున నేను ఆఫీసు తెరవడానికి వస్తే, మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన యూరియా సంచి. గొర్రెల వాసన. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“డైవర్సు లిస్టు రాసిండేది నువ్వేనా అప్పా?”

మొగుడి తల్లి అని అర్థమైంది. రోడ్డు మీద ఎవరైనా ఉన్నారా అని ఒకసారి చూసుకున్నాను. “నేనే అవ్వా,” అన్నాను.

లోపలికి వచ్చి సంచి బల్లమీద బోర్లించింది. కాగితాలు, కాగితాలు. కరెంటు బిల్లులు, ఎరువుల రసీదులు, గొర్రెలకు మందు వేయించిన కార్డు, పాప గీసిన ఏనుగు బొమ్మ, ఎవరిదో పెళ్లి పత్రిక, ఎవరిదో కర్మాంతరం పత్రిక.

“నాకు సదువు రాదు. రాసిండేవన్నీ తెచ్చినాను. నీకేంది కావల్నో నువ్వే ఏరుకో.”

“బీరువాకు తాళం వేసుండె గదా అవ్వా?”

“బీరువాకి రెండు బీగం చెవులు ఇస్తారప్పా. మొగోళ్లకి ఒకటే తెలుసు.”

రెండోది పెళ్లినాటి నుంచీ రాగుల డబ్బాలో ఉందట. నేను పంపిన లిస్టును కొడుకు కోపంతో ఇంటి మధ్యలో నిలబడి గట్టిగా చదివాడట, ఒక్కొక్కటీ. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “అయిదు సెప్పినాడు. సంతలో గొర్రె అయితే ఒకరిది ఇంకొకరి చేతికి పోతుంది. సదువు అట్ల కాదు గదా. అది ఆ పిల్ల సదివిండేది. మా వాడు సదివిండేది కాదు. వానికెందుకు?”

ఇద్దరమూ నేలమీద కూర్చుని ఏరాము. పదో తరగతి మార్కుల పట్టిక దొరికింది. పన్నెండోది దొరికింది. పాప పుట్టిన సర్టిఫికెట్ దొరికింది. ల్యాబ్ కోర్సు సర్టిఫికెట్ మాత్రం లేదు. సంచిని ఇంకోసారి దులిపాను. “ఓ, అదా!” అని ముసలామె నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, అందులో మడత పడకుండా అట్టముక్క మధ్య పెట్టిన కాగితం తీసింది. “దీంట్లో ఫోటో ఉండాది గదా, నలిగిపోతుందని ఈడ పెట్టుకొంటి.”

మిగిలినవాటిని తిరిగి సంచిలో వేస్తుంటే స్టాంపు కాగితం ఒకటి తగిలింది. రాయకోట్టలో ఇంటి బాడుగ ఒప్పందం. అద్దెకు తీసుకున్నవాళ్లు ఈ టెంపో డ్రైవరూ, అతని ‘భార్య’ అని ఒక పేరు. ఆ పేరు మా అమ్మాయిది కాదు. కింద ఇద్దరి సంతకాలు.

నిజం చెప్పేస్తాను. నాకు ఒళ్లు పులకరించింది. అలాంటి కాగితం గుమాస్తా జీవితంలో ఒకసారి దొరుకుతుంది. కేసు గెలిచినట్టే! చేసిన తప్పు మాసిపోయినట్టే! ముసలామె అటు తిరిగి నీళ్లు తాగుతోంది. జిరాక్స్ మిషను రెండడుగుల దూరంలో ఉంది. నేను దాని మూత ఎత్తాను కూడా.

అప్పుడే మేడం లోపలికి వచ్చారు. నా చేతిలోది తీసుకుని చదివారు. మూత దించారు. ముసలామె పక్కన కూర్చుని, “అవ్వా, ఈ కాయితం నీ కొడుకుది. దీంట్లో ఏముండాదో సెప్తాను, విను,” అని ఒక్క మాట వదలకుండా చదివి చెప్పారు.

ముసలామె సంచిని తన దగ్గరికి లాక్కుంది. “ఇది కోర్టులో పెడితే ఏమైతుంది?”

“కేసు బిర్నా ముగుస్తుంది, ఎక్కువ దినాలు పట్టదు. నీ కొడుకు నలుగురి ముందర తలొంచుకుంటాడు.”

“తలొంచుకొనే పనే చేసినాడు. అయినా నేను ఆ పిల్లవి ఇచ్చేదానికి వస్తిని. నా కొడుకుని ఇచ్చేదానికి రాలేదమ్మా.”

మేడం ఆ ఒప్పందాన్ని మడిచి యూరియా సంచిలో వేశారు. నేను నోరు తెరిచాను. “గుమాస్తాగారూ,” అన్నారు. మూసుకున్నాను.

పోయేముందు ముసలామె వాకిట్లో ఆగింది. “అమ్మా, ఒకటి అడగల్ల. పాప నా దగ్గిరికి వస్తా ఉంటుందా? అది కూడా ఆ కాయితంలో రాస్తారా? నోటిమాట అయితే మా వాడు ఒకటంటాడు, ఆ పిల్ల అన్న ఇంకోటంటాడు.”

“రాస్తాను,” అన్నారు మేడం.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి కల్లావి నుంచి పరుగున వచ్చింది. కాగితాలు చూసుకుని ఏడ్చింది, నవ్వింది, ఏనుగు బొమ్మ కూడా వచ్చిందని తెలిసి మళ్లీ ఏడ్చింది. ఆమె తేరుకున్నాక మేడం బాడుగ ఒప్పందం సంగతి దాచకుండా చెప్పారు. తిరిగి పంపించేశానని కూడా చెప్పారు.

ఆ అమ్మాయి ముఖం మాడింది. “అది లేకుండా గెలవలేమా?”

“గెలుస్తాము. నిదానమైతుంది.”

“మా అత్త దాన్ని ఇచ్చుంటే?”

“ఇవ్వలేదు గదమ్మా.”

కాసేపు సర్టిఫికెట్ మీది తన పాత ఫోటోను చూస్తూ కూర్చుంది. “సరే, నిదానంగానే కానీండి,” అంది. సోమవారం ఉద్యోగంలో చేరింది. ఆసుపత్రి వెనక వీధిలోనే ఒక గది చూసుకుంది. దాని అడ్వాన్సు కట్టడానికి ఆమె అన్నే ఎద్దుల మధ్యనుంచి బయటికి వచ్చాడు. కేసు ఇంకా వేయలేదు. కానీ మేడం మొదటిరోజు చెప్పినవన్నీ సర్దుకున్నట్టయింది.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం బక్కగా, పొడుగ్గా ఉన్న ఒకడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. టెంపో తాళాలు బల్లమీద పెట్టాడు.

“వాట్సాప్ నువ్వేనా?”

“నేనే అప్పా.”

“నీ రాత బాగుండాది,” అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. తర్వాత గోడకేసి చూస్తూ చెప్పాడు. “మా యమ్మ అన్నీ సెప్పింది. కాయితాలిచ్చింది తానేనంట. కోర్టులో పిలిస్తే ఉండేది ఉన్నట్టు సెప్తుందంట. ఆమె వచ్చి సెప్పేదానికన్నా నేనే ఒప్పుకొని పోయేది మేలు గదా. యాడ సంతకం పెట్టల్ల?”

అంత తొందరగా కాదు, ఏడాది విడిగా ఉన్నట్టు ఉండాలి, ఇద్దరూ కలిసి అర్జీ వేయాలి, ఆ తర్వాత మళ్లీ ఆరు నెలలు అని చెప్పాను. “పెండ్లి ఒక దినంలో అయిపోయింది గదప్పా!” అని ఆశ్చర్యపోయాడు.

అలాగే నడిచింది. ఆఖరి రోజు కృష్ణగిరి ఫ్యామిలీ కోర్టులో అందరమూ కలిశాము. మొగుడు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఎవరు ఉతికారో నేను అడగలేదు. ముసలామె పాపను తన కొంగు కింద కూర్చోబెట్టుకుంది. జడ్జిగారు ఒప్పందం చదువుతూ, నేను రాసిన షరతు దగ్గర ఆగారు. ప్రతి నెలా రెండో శనివారం, నాలుగో శనివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా పాప నాన్నమ్మ దగ్గర ఉండవలెను. “సమ్మతమేనా?” అని ఆయన తమిళంలో అడిగారు.

మొగుడు సరే అన్నాడు. ఆ అమ్మాయి సరే అంది. వెనకనుంచి ముసలామె లేచి నిలబడింది.

“శనివారం నాకు గొర్రెల సంత సామీ. ఇంట్లో ఉండను.”

జడ్జిగారు మేడం వైపు చూశారు. మేడం నా వైపు చూశారు. ఆ ముసలామెను ఒక్కమాట అడిగి రాయాలని నాకు తోచనే లేదు. ‘గుమాస్తాగారూ’ అని మేడం పైకి అనలేదు, అంత పెద్ద కోర్టులో.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. “అత్తా, శుక్రవారం సాయంత్రమే తెచ్చి విడుస్తాను. సంతకి నీ వెంట తోలుకొని పో.”

“ఆడపిల్లకి గొర్రెల బేరమెందుకే? సదువుకోనీ.”

“రెండూ తెలియల్ల అత్తా.”

జడ్జిగారికి తెలుగు వచ్చో రాకో గానీ నవ్వు మాత్రం వచ్చింది. అక్కడికక్కడే దిద్దమన్నారు. శనివారం పొద్దున కొట్టేసి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా అని రాశాను. దిద్దిన చోట ఇద్దరి సంతకాలు తీసుకున్నాను. ముసలామె వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఆమె కేసులో కక్షిదారు కాదు, వేలిముద్ర అక్కర్లేదు అని చెప్పాను.

“దీంట్లో నన్ను రాసినారు గదా?” అంది.

“రాసినాము అవ్వా.”

ఇంకు ప్యాడ్ లాక్కుని, బొటనవేలు నొక్కి, కొడుకు సంతకానికీ కోడలి సంతకానికీ మధ్య ఉన్న ఖాళీలో గట్టిగా అద్దింది. మేడం కొట్టేయమనలేదు. జడ్జిగారు అదేమిటని అడగలేదు. చట్ట ప్రకారం ఏ పనీ లేని ఆ వేలిముద్ర కృష్ణగిరి కోర్టు రికార్డుల్లో అలాగే ఉంది.